కేటలాగు బొమ్మల కింద వృత్తాలు

ఆర్విల్ చేతిలో మొదట ఉన్నది సగం రేఖాగణితం. తెల్లపిల్లల బడిలో చిరిగి మూలపడ్డ పుస్తకాలే నల్లపిల్లల బడికి వచ్చేవి. అతని వంతుకు వచ్చినదానిలో వృత్తాల అధ్యాయం మొత్తం లేదు. జనవరిలో జాక్సన్‌లో నల్లవాళ్ల కాలేజీ ప్రవేశ పరీక్ష. అది తప్పితే మిసిసిపీలో అతనికి మిగిలేది వాళ్లు పనిచేసే తెల్లదొర పత్తి చేనే.

సరుకు కావాలంటే అది ఉన్నచోటికే వెళ్లాలి. అమ్మమ్మ లూడీ ఉతికిన బట్టలను శనివారాల్లో దొర ఇంటి వెనక గుమ్మానికి మోసేది ఆర్విలే. దొర కొడుకు బక్లీ దగ్గర అదే పుస్తకం, కొత్తది. బడిలో బక్లీకి ఇచ్చే ఇంటిలెక్కలు ఆర్విల్ చేసిపెట్టాలి. అంతసేపూ పుస్తకం ఆర్విల్ దగ్గర ఉండాలి. ఇదీ బేరం.

"మీ పత్తి తూచేది మా నాన్నే కదరా, నీకు లెక్కలెందుకు?" అన్నాడు బక్లీ నవ్వుతూ.

"ఊరికే, చిన్నదొరా. పొద్దుపోవడానికి."

మాటకు మాట ఇస్తే పుస్తకం పోతుంది. అది గిట్టని బేరమని ఆర్విల్ కోపం మింగేశాడు.

పొట్లాల కాగితాల మీద ఎక్కించుకున్న పాఠాలను గుడిసె గోడకు అతికించుకున్నాడు. చలిగాలి రాకుండా ఆ వాడలో అందరి గోడలకూ పాత కాగితాలే. నవంబరులో దొరసాని అతణ్ణి పుస్తకంతో చూసి తరిమేసింది. అప్పటికే అధ్యాయం మొత్తం గోడకెక్కింది కాబట్టి నష్టం లేదనుకున్నాడు.

క్రిస్మస్ ముందు ఒకరోజు ఇంటికొచ్చేసరికి గోడ నిండా టోపీలు, పొయ్యిలు, నీళ్లతొట్లు. ఏటా చేసినట్టే అమ్మమ్మ పండగకు పిండిజిగురు కాచి, అమ్మకపు సరుకుల బొమ్మలుండే కేటలాగు పేజీలు అతికించేసింది.

"ఎంత కళగా ఉందో చూడరా!"

"అమ్మమ్మా, నా పరీక్ష దాని కిందుంది."

ఆమె గబగబా ఒక మూల తడిపి లాగింది. పైదీ కిందిదీ కలిసి ముద్దగా ఊడొచ్చాయి.

"అయ్యో నా తండ్రీ! ముందే ఒక్క మాట చెప్పొద్దట్రా?"

ఆ వెంటనే చీపురుకర్ర తీసి ఎర్రటోపీ మీద పెట్టింది.

"దీని కింద ఏముంది?"

"స్పర్శరేఖ. వ్యాసార్థానికి లంబంగా ఉంటుంది."

"ఈ పొయ్యి కింద?"

"నీకు చదువు రాదుగా, నేను తప్పు చెబితే నీకెలా తెలుస్తుందే?"

"నువ్వు నీళ్లు నమిలితే తెలీదూ? పెంచినదాన్ని! చెప్పు."

రోజూ సాయంత్రం ఇదే పని. నీళ్లతొట్టి దగ్గర మాత్రం ఆర్విల్ ప్రతిసారీ ఆగిపోయేవాడు. చివరికి అమ్మమ్మ ఆ ఒక్క బొమ్మకూ వేడిగుడ్డ కాపడం పెట్టి, గోరుతో మెల్లగా ఒలిచింది. సగం సిద్ధాంతం దక్కింది. మిగతా సగాన్ని అతను రెండు సాయంత్రాలు కూర్చుని సొంతంగా నిరూపించాడు.

జనవరిలో పరీక్ష రాసొచ్చాడు. మార్చిలో బడి పంతులమ్మ మిస్ హ్యాలీ గుమ్మంలోనే కేకేసింది. "లూడీ, నీ మనవడికి సీటొచ్చింది!"

ఇక చివరి లెక్క. కాలేజీలో చోటు దొరికింది. తిండికి బదులు అక్కడి బట్టలుతకాలి. అది అమ్మమ్మ దగ్గర నేర్చిన పనే. వృత్తాలు ఇప్పుడు ఏ పుస్తకంతోనూ పోవు. చేలో రెండు చేతులు తగ్గాయని దొర గొణిగాడు. దాన్ని కూడా అమ్మమ్మ లాభంలోనే వేసుకుంది.