సుద్ద కలిసిన కాగితం

కాగితాల కొట్టులో బావమరిది చవక డ్రాయింగ్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడూ వాడేదేగా బావా. నీలి అచ్చుకి ఇదే నప్పుతుంది."

"మీ అక్క చెయ్యి అచ్చు వేస్తున్నాన్రా. దీని మీదా?"

బావ పై అర చూపించాడు. పాత దస్తావేజులు పాడవకుండా దాచడానికి వాడే మందపాటి కాగితం అక్కడ ఉంది. తరాలు నిలుస్తుందని దానికి పేరు. బావమరిది ఏదో అనబోయి ఆగి, నిచ్చెన ఎక్కాడు. అక్క ఇక ఎన్నాళ్లో ఉండదని ఇద్దరికీ తెలుసు.

సయనోటైప్ అనే ఈ నీలి అచ్చులు వేయడం బావ వృత్తి. మందు పూసిన కాగితం మీద వస్తువు పెట్టి ఎండలో ఉంచి కడిగితే, ఎండ తగిలిన చోటు నీలమవుతుంది, వస్తువు ఆనిన చోటు తెల్లగా మిగులుతుంది. భార్యను కుర్చీతో సహా కిటికీ దగ్గరికి జరిపి, ఆమె చేతిని కాగితం మీద పెట్టించాడు.

"కదలకు."

"కదిలితే ఏమవుతుంది, ఆరో వేలు మొలుస్తుందా?"

"నవ్వకు. చెయ్యి అదురుతోంది."

"నీ మొహం అటు తిప్పుకో మరి. పెళ్లిలో కూడా ఇంత బిగుసుకోలేదు నువ్వు."

అచ్చు బాగా వచ్చింది. ఆమె పోయాక దాన్ని ఎండ పడని గోడకు తగిలించాడు.

కొన్ని వారాలకు నీలం పసుపు తిరిగింది. చుట్టూ రంగు పోయేకొద్దీ కాగితం చేతి గుర్తులాగే తెల్లబడుతోంది. చిటికెన వేలు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. అతను బావమరిదిని పిలిచాడు.

బావమరిది కాగితం మూల చిన్న ముక్క చించి, దాని మీద వెనిగర్ చుక్క వేశాడు. సన్నగా నురగ వచ్చింది.

"సుద్ద బావా. కాగితం చివికిపోకుండా కలుపుతారు. అదే నీలాన్ని తినేస్తోంది."

"నీకు ముందే తెలుసా?"

"నప్పదని విన్నాను. ఆ రోజు నీతో వాదించబుద్ధి కాలేదు."

అతను చిరిగిన మూలను వేలితో నొక్కాడు.

"టీ డికాక్షన్‌లో ముంచుదాం. మిగిలిన నీలమైనా గోధుమరంగులోకి మారి నిలుస్తుంది. తెల్లగా ఉన్న చేతి గుర్తుకి మాత్రం మరక పడుతుంది."

"అది తన చెయ్యి ఆనిన చోటురా."

బావమరిది డికాక్షన్ కాచి, చల్లార్చి, ట్రేలో పోశాడు. అతను కాగితం పట్టుకుని ట్రే పక్కన చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

"నాలుగు రోజులు ఇలాగే చూసుకోనీ."

"ఆ తర్వాత ముంచడానికి ఏమీ ఉండదు బావా."

"తెలుసు," అంటూ కాగితాన్ని మళ్లీ మేకుకు తగిలించాడు.