కస్తూరి సరేనన్నవన్నీ

సోమవారం పొద్దున కస్తూరి తలుపు తీసేసరికి వాకిట్లో ఒక చేపల పడవ ఉంది. పడవ ఇంకా తడిగానే ఉంది. వానలు వెళ్ళేదాకా దీన్ని ఇక్కడ పెట్టుకోవడానికి మీరే సరేనన్నారు కదమ్మా అంటున్నాడు పక్కన నిలబడ్డ ముసలాయన. కస్తూరి అతని పెదవులను చదివి, పడవ కింద ఇటుకలు పెట్టడానికి సాయం పడుతుంది.

సరేననే ఉంటుంది. కస్తూరికి పుట్టుకతోనే వినపడదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. ఒక మాట అందితే రెండు జారిపోతాయి. జారినప్పుడల్లా చిన్నగా నవ్వి తల ఊపేస్తుంది. ఎవరినైనా ఎన్నిసార్లని మళ్ళీ చెప్పమంటాం? మొహం మాడ్చుకుంటారు, లేదా ‘అబ్బే, ఏం లేదులే’ అని తేల్చేస్తారు. అందుకే వినపడనివాళ్ళకి ఈ విద్య చిన్నప్పుడే వచ్చేస్తుంది. ఇవాళ ఆ సరేలన్నీ కలిసికట్టుగా వసూలుకు బయల్దేరాయి.

కాసేపటికి ఎర్రకోట్ల బ్యాండుమేళం వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. పెళ్ళి ఎవరిదో వాళ్ళకీ తెలీదు. ఎవరో ఒకావిడ రెండు దూడలను తోలుకొచ్చి గుమ్మానికి కట్టేసి, తేలికపడ్డ మొహంతో వెళ్ళిపోతుంది. ఇల్లు అద్దెకిచ్చిన శేషారత్నం గారు మాత్రం కస్తూరికి ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేలా నింపాదిగా అడుగుతారు.

“అమ్మాయ్, వీళ్ళందరికీ కాఫీలు నేనే కలపాలా ఏంటి?”

“నేను కలుపుతానండీ.”

“పాలకేం లోటు లేదులే. ఆ దూడలే ఇస్తున్నాయి.”

కాఫీ గ్లాసులు కడుగుతుండగా ఆఫీసు బంట్రోతులు ఇద్దరు ఒక ఆకుపచ్చ తలుపు మోసుకొచ్చి గోడకి ఆనిస్తారు. దాని మీద పిల్లలు సుద్దతో గీసుకున్న అరచేతుల బొమ్మలు చూసి కస్తూరి దాన్ని గుర్తుపడుతుంది. అది బడిలో సైగల గది తలుపు. వినపడని పిల్లలు ఆ గదిలో సైగల భాషతో చదువుకుంటారు. ఆ పిల్లలకి సమానంగా చదువు అందాలంటే ఏం కావాలో, కస్తూరి ఆ గది మూల కూర్చునే తన సోషల్ వర్క్ పరిశోధన రాస్తోంది.

“గది తీసెయ్యడానికి మీరు సరేనన్నారంట కదండీ. తలుపు మీకిచ్చి రమ్మన్నారు సారు.”

“మరి గదేదీ?”

“ఎక్కడ పెట్టించారో సారుకే తెలుసండి.”

“పిల్లలు?”

“గదిలోనే ఉన్నారండి. తీసేముందు వాళ్ళనీ అడిగామండి. మాకేసి చూసి తలలూపారు.”

కస్తూరి గ్లాసు కింద పెట్టేస్తుంది. ఏ మీటింగో ఇప్పుడు గుర్తొస్తుంది. సమానత్వ విభాగం అధికారి దైవప్రసాద్ గారు నోట్లో కిళ్ళీతో, పెదవుల మీదికి దిగిన మీసంతో, మొహం బోర్డు వైపు పెట్టి చాలాసేపు మాట్లాడి, చివర్లో ఇటు తిరిగి నవ్వారు. కస్తూరి తల ఊపింది. అర్థమైనట్టు తలలూపుతూ పిల్లలు తరగతిలో ఎలా వెనకబడిపోతారో ఒక అధ్యాయమంతా రాసిన మనిషి, తనే ఊపేసింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. సిగ్గుకంటే భయం ఎక్కువగా ఉంది.

ఆ గదిలో పాఠాలు చెప్పే మస్తాన్‌వలి సైకిల్ మీద వస్తాడు. అతనికీ వినపడదు.

“గది లేదు,” అంటాయి అతని చేతులు. “అక్కడ గోడ నున్నగా ఉంది. కొత్త సున్నం కూడా వేశారు.”

ఇద్దరూ చెరోవైపు తలుపు పట్టుకుని ఆఫీసుకు నడుస్తారు. దారి పొడుగునా మాటల్లేవు. చేతులు ఖాళీ లేవు మరి.

ఆఫీసు హాలు నడిచేకొద్దీ పొడుగవుతోంది. గోడల నిండా ‘అందరూ సమానమే’ అని రాసి ఉంది. కస్తూరి దాన్ని చదివినప్పుడల్లా హాలు ఇంకో బారెడు పెరుగుతోంది. చదవడం మానేశాక గాని దైవప్రసాద్ గారి బల్ల దగ్గరికి రాదు.

“నా సరే నాకు తిరిగిచ్చేయండి,” అంటుంది కస్తూరి. ఆమె గొంతు కాస్త గరుకు. ఆయన బోర్డు వైపు తిరిగి ఏదో చెబుతారు. కస్తూరి మెడ అలవాటుకొద్దీ కదలబోతుంది. రెండు చేతులతో తలను గట్టిగా పట్టుకుని ఆపుతుంది.

“నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి.”

పెద్దయ్యాక ఆ మాట అనడం ఆమెకిదే మొదలు. దైవప్రసాద్ గారి కుర్చీ దానంతటదే ఇటు తిరుగుతుంది. ఆయన మళ్ళీ చెబుతారు.

“అర్థం కాలేదండీ.”

నోట్లో కిళ్ళీ బయటికొచ్చి బల్ల మీద మర్యాదగా కూర్చుంటుంది.

“ఇంకోసారి.”

మీసం లేచి వెళ్ళి కిటికీలో గాలి పీల్చుకుంటుంది. ఇప్పుడు ఆయన పెదవులు శుభ్రంగా కనపడుతున్నాయి.

“వినపడని పిల్లలూ అందరితో సమానమే కాబట్టి, వాళ్ళకి వేరే ఏమీ అక్కర్లేదు.” ఆయన ఆగి, పై పెదవి తడుముకుంటారు. “ఇదేంటండీ, నాకే అర్థం కావట్లేదు.”

మస్తాన్ ముందుకొచ్చి సైగలతో చెబుతాడు. గదిని బడి నడిమధ్య పెట్టాలి, వినపడే పిల్లలూ అందులో కూర్చుని సైగలు నేర్చుకోవాలి, సరేనా అని. దైవప్రసాద్ గారు చిన్నగా నవ్వి తల ఊపుతారు.

ఆ ఊపు కస్తూరికి బాగా తెలుసు. ఒక్క ముక్క అర్థమై ఉండదు. పద పద, ఒప్పుకున్నాడుగా అంటున్నాడు మస్తాన్. వెళ్ళిపోవచ్చు. కానీ ఆ నవ్వు చూస్తే కస్తూరికి జాలేస్తుంది.

“అర్థం కాకపోతే అడగండి సార్. మళ్ళీ చెబుతాడు.”

“అడగొచ్చా?” అంటారాయన. ఆయన భుజాలు కిందికి దిగుతాయి. “ఎవరూ ఏమీ అనుకోరా?”

మస్తాన్ మళ్ళీ చెబుతాడు, ఇంకోసారి చెబుతాడు. చివరికి ఆయన తన వేళ్ళతోనే ‘మధ్యలో’, ‘అందరూ’ అని తప్పుల్తడకగా చూపించి తల ఊపుతారు. ఈసారి ఊపుకి హాలు గది అంత అయి కూర్చుంటుంది.

“గదిని బీచిలో పెట్టించానండి,” అంటారు. “ఇంకెక్కడా చోటు లేకపోయింది. రేపే తెచ్చి మధ్యలో పెట్టిస్తాను.”

కస్తూరి, మస్తాన్ బీచికి చేరేసరికి ఇసుక మీద గది క్షేమంగా ఉంది. తలుపు లేని గుమ్మంలో పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. వాళ్ళను చూడగానే కస్తూరికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తాయి. ఇన్నేళ్ళుగా మెడలో బిగుసుకుని ఉన్నదేదో వదులవుతుంది. వెళ్ళి వాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చుంటుంది.

పిల్లల ఎదురుగా సముద్రం మొహం ఇటు తిప్పుకుని నిలబడి, నీళ్ళ చేతులతో నెమ్మదిగా ఏదో చెబుతోంది. చెప్పడం అయ్యాక అర్థమైందా అన్నట్టు చూస్తుంది. పిల్లలు కస్తూరి వైపు చూస్తారు. కస్తూరి తల అడ్డంగా ఊపుతుంది. పిల్లలూ ఊపుతారు. సముద్రం విసుక్కోకుండా ఆకాశం అంచుదాకా వెనక్కి నడుస్తుంది. నీళ్ళు తీసిన నేల మీద చేపలు వరసగా కూర్చుని, మాకూ అర్థం కాలేదని రెక్కలెత్తుతున్నాయి. సముద్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.