ఏసోబు మావయ్య నాలుక

చెరువు గట్టు మీద తివాచీ పరిచి ఉంది, ఎవరు పరిచారో తెలియదు గానీ సువార్తకు అదేమీ వింతగా తోచదు. ఆమె చదివే యూనివర్సిటీ రెండో అంతస్తు వరండాలో ఉండే బూడిదరంగు తివాచీయే అది, గట్టు పొడవునా సాగి దూరంగా మంచులో కలిసిపోతోంది. ఒక పక్క రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి, రెండో పక్క గోడకు వరసగా తలుపులున్నాయి, వాటిలో మూసి ఉన్న ఒక తలుపు వెనక ఆమె రెండేళ్ల చదువు ఫలితం తేలుతోంది. అక్కడి నార్వే మంచు ఆమె సొంతూరు కైకలూరు చెరువు మీద కురుస్తోంది. నీటిని తాకగానే ఆ మంచు ఉప్పవుతుందని ఆమెకు తెలుసు, ఎలా తెలుసని మాత్రం ఎవరూ అడగకూడదు.

గట్టు చివర ప్లాస్టిక్ కుర్చీలో ఏసోబు మావయ్య కూర్చుని ఉన్నాడు. పోయి నాలుగేళ్లయిన మనిషి, లుంగీ మోకాళ్లపైకి మడిచి, తలకు తువ్వాలు చుట్టి, ఇందాకే పనిలోంచి లేచి వచ్చినట్టున్నాడు. అమ్మకు అన్న, ఇరవై ఏళ్లు రొయ్యల చెరువులకు కాపలా ఉన్నవాడు. తెల్లవారగానే చిటికెన వేలు నీళ్లలో ముంచి నాలుకకు రాసుకుని, ఇవాళ ఉప్పు లీటరుకు పన్నెండు గ్రాములుందని, రేపటికి పదికి దిగుతుందని చెప్పేవాడు. ఆ లెక్క మీదే చెరువు నడిచేది.

"వచ్చేవా కోడలుపిల్లా. కూకో. ఆ బూట్లేంటే, గట్టు కుంగిపోదూ?"

"ఇక్కడ చలి మావయ్యా. ఏడాదిలో సగం రోజులు ఇవే."

"మేస్టర్ని పేరెట్టి పిలుస్తారంట గదా మీ ఊళ్లో."

"పిలవాలంట. నాకు మూడు నెలలు నోరు పెగల్లేదు. మా ప్రొఫెసరు ఇంగ్రిడ్ అనమంటే ఇంగ్రిడ్ మేడం అనేదాన్ని, ఆవిడ నవ్వేది."

మావయ్య కూడా నవ్వుతాడు గానీ ఆ నవ్వు సువార్త దాకా రాకుండా నీళ్లమీదే ఆగిపోతుంది, ఎందుకంటే ఇద్దరి మధ్యా ఇంకో మాట కూర్చుని ఉంది, ఆరేళ్లుగా అది అక్కడే ఉంది. ఆ ఏడు మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. ఏసోబు నీళ్లు రుచి చూసి ఉప్పు నాలుగుకు పడిపోయిందని, పైన చేరిన వాననీళ్లు వెంటనే తోడెయ్యాలని చెరువు ఆసామికి చెప్పాడు. ఆసామి జీపులోంచి ఉప్పు కొలిచే మీటరు తీసి చూస్తే పది చూపించింది. మీటరు మాటే నెగ్గింది. రెండో రోజుకు రొయ్యలన్నీ తెల్లగా తేలాయి, నేరం కాపలా సరిగా కాయలేదని ఏసోబు మీద పడింది, పని పోయింది, ఊరు ఊరంతా 'నాలుక ఏసోబు' అని నవ్వింది. నవ్వినవాళ్లను వదిలెయ్యొచ్చు. అప్పుడు కాలేజీలో చేపల పెంపకం చదువుతున్న మేనకోడలు కూడా, చదువుకున్నదాన్నన్న ధీమాతో, "మీటరు అబద్ధం చెప్పదు మావయ్యా" అంది. ఆ తరవాత బతికిన రెండేళ్లలో ఆయన చెరువు నీళ్లలో వేలు పెట్టలేదు.

"మావయ్యా, ఆరోజు నేను మీటరు వైపు మాట్లాడేను."

"మాట్లాడేవు."

ఏరేటర్లు ఆగిపోతాయి. మంచు పడే చప్పుడు కూడా వినిపిస్తుంది. సువార్త ఈసారి మాట మింగదు, చెప్పేస్తుంది, వచ్చిన మొదటి నెలలోనే ల్యాబులో తొట్టి నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాననీ, చేసిన తరవాత గానీ చేశానని తెలియలేదనీ, గదిలో అందరూ కొయ్యబారిపోయారనీ, ఇంగ్రిడ్ తనను జాగ్రత్తల పాఠానికి మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టి, తొట్టికి 'రుచి చూడరాదు' అని అట్ట కూడా కట్టించిందనీ.

"నీకోసరం బోర్డెట్టేరా?"

"నాకోసమే. ఇప్పటికీ ఉంది. కానీ మావయ్యా, అప్పుడు మీటరు ఇరవై అంది, నా నాలుక పదహారంది. నోరాగక చెప్పేసేను. ఆవిడ మీటరు తీసి స్వచ్ఛమైన నీళ్లతో కడిగి, సున్నా దగ్గర నిలబెట్టి, మళ్లీ చూసింది. పదహారే. రోజూ అలా సరిచెయ్యాలంట, ఆ రోజు ఎవరో మరిచిపోయారంట."

మావయ్య తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. "ఆసామి ఏనాడన్నా కడిగేడా దాన్ని?"

"జీపులో స్పానర్ల మధ్య పడుండేది."

"పడుండేది," అంటాడు ఆయన, మెల్లగా.

"నీ నాలుకే నిజం మావయ్యా. నేను తప్పు. అందుకే రెండేళ్లూ దాని మీదే చదివేను. వేసవిలో ఇంటికొచ్చి నలభైమంది కాపలావాళ్ల ముందు తలో ఎనిమిది కప్పులు పెట్టేను, ఏ కప్పులో ఎంత ఉప్పుందో అంకె రాయకుండా. ముప్పై ఒక్కమంది అసలు లెక్కకు రెండు గ్రాముల తేడా లోపలే చెప్పేరు. నేను రాసిన పరిశోధన పుస్తకం మొదటి పేజీలో నీ పేరే ఉంది."

"ఇంగ్లీషులో ఏస్తే మనోళ్లెవరు సదువుతారే?"

"తెలుగులో కూడా రాసి పంచేను. ఆసామికీ ఒకటిచ్చేను. మీటరు కడిగి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడంట."

అప్పుడు నవ్వుతాడు ఏసోబు మావయ్య, పొట్ట పట్టుకుని, కుర్చీ కిర్రుమనేలా. ఆ నవ్వుకు ఏరేటర్లన్నీ ఒక్కసారే తిరగడం మొదలుపెడతాయి, ఆరేళ్ల కిందట తెల్లగా తేలిన రొయ్యలన్నీ చెంగు చెంగున నీళ్లలోంచి ఎగిరి పడుతుంటాయి, గట్టు తివాచీ అంతా తడిసిపోతుంది. సువార్తకు ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎగ్గొట్టిన భోజనాలు, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే చలికాలాలు, క్యాంటీనులో తోమిన గిన్నెలు, అన్నీ ఈ నవ్వు వినడానికే అనిపిస్తుంది. అయినా ఒక్కటి మిగిలి ఉంది.

"లోపల పరీక్షలో ఒక పెద్దాయన అడిగేడు మావయ్యా. మీటరుకు సున్నా ఉంది, మరి మీ వాళ్ల నాలుకకు ఏది, దేనితో సరిచూసుకుంటారు అని. వేసవిలోనే నలభైమందినీ అది అడిగేను, అలవాటండీ అని నవ్వేరు. నాకు తెలియదని చెప్పి వచ్చేను."

"నీకు చెప్పేనే."

"ఎప్పుడు?"

ఆయన వేలు చూపించిన వైపు చూస్తే గట్టు మీద ఆరేళ్ల సువార్త, పీత కరిచిన వేలు పట్టుకుని ఏడుస్తోంది. పడుచు ఏసోబు వంగి ఆ పిల్ల చెంప మీది చుక్కను చిటికెన వేలితో తీసుకుని, నాలుకకు రాసుకుని, "తొమ్మిది" అంటున్నాడు. అది ఏడుపు మాన్పించడానికి చేసిన వేళాకోళం అనుకుంది ఇన్నాళ్లూ.

"ఆసామిదైనా కూలోడిదైనా కన్నీరు తొమ్మిదేనే. తెల్లారగట్ల ఆవలిస్తే కంట్లో తడొస్తాది సూడు, అది నాలిక్కి రాసుకుని అప్పుడు సెరువులో ఏలెట్టాలి. ఇంక లెక్క తప్పదు. ఎల్లు, తలుపు తీస్తన్నారు."

"నువ్వూ రా మావయ్యా."

"నా పేరు లోపలే ఉందన్నావు గదా," అంటాడాయన, తువ్వాలు తలకు చుట్టుకుంటూ, మంచులో చెరువు వైపు దిగిపోతూ.

భుజం మీద చెయ్యి పడింది. సువార్త వరండా బెంచీ మీద ఉలిక్కిపడి లేచింది. మౌఖిక పరీక్ష ముగించి బయటికి వచ్చి, మార్కులు తేల్చేదాకా ఉండమంటే కూర్చుని, మూడు రాత్రుల నిద్ర ముంచుకొస్తే కునుకు తీసినట్టుంది. కిటికీలో పట్టపగటి వెలుతురు. తివాచీ పొడిగానే ఉంది. ఎదురుగా ఇంగ్రిడ్, ఆమె వెనక ప్రశ్న అడిగిన పెద్దాయన నిలబడి ఉన్నారు, ఇద్దరి ముఖాల్లోనూ దాచుకోలేని నవ్వు ఉంది.

"అన్నిటికన్నా పైగ్రేడు," అంది ఇంగ్రిడ్. "మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నాం."

నిద్రలో ఎప్పుడు కారిందో, చెంప మీంచి జారిన తడి పెదవి చివర ఆగి ఉంది. నాలుక తనంతట తనే వెళ్లి దాన్ని అందుకుని, లెక్క కట్టేసింది.

తొమ్మిది.

"మీ ప్రశ్నకు జవాబు తెలిసింది," అంది ఆమె పెద్దాయనతో, చెంప తుడుచుకోకుండానే. "రాసుకోండి, ఏసోబు మావయ్య చెప్పాడు."