బోర్తొలో అడగని పేపరు

ఇలా పొయ్యి దగ్గరికి జరుగు తల్లీ. రేపు స్నేహితురాళ్లతో కలిసి సైకిలు మీద కనుమ ఎక్కుతానంటున్నావు కదా. ఆ దారిలోని ముప్ఫై ఒక్క మలుపులూ మీ బోర్తొలో తాత కాళ్లకు కంఠతా వచ్చు. ఆయన ఆఖరుసారి ఎక్కిన రోజు సంగతి చెబుతాను, విను. కొంత నా కళ్లతో చూసింది, కొంత కొండమీద సత్రంలో వంటపని చేసే దెల్ఫినా చెప్పింది, మిగిలింది జ్వరంలో ఆయన నోట వచ్చింది.

తెల్లవారుజామున ఐదింటికి ఆయన వాకిట్లో సైకిలు వెనక రొట్టెల బుట్ట కడుతున్నాడు. ఇరవై కిలోల నల్ల రొట్టె, ఇంకా పొగలు పోలేదు. యుద్ధం ముగిసి పదేళ్లయింది, సెప్టెంబరు నెల. ఆయనకు యాభై ఏడు. పొట్టి మనిషి. మెడా ముంజేతులూ ఎండకు కమిలి ఇటుక రంగు, చొక్కా విప్పితే లోపలి ఒళ్లు పాలలా తెలుపు. పిక్కలు మాత్రం రాళ్లు. ఏ పందెంలోనూ తొక్కలేదు, ఎవరితోనూ తగవు పడలేదు. సత్రంలో రోజూ పొద్దున్నే రొట్టె వచ్చిందా అని అడిగేవాళ్లే గాని, బోర్తొలో వచ్చాడా అని అడిగినవాళ్లు లేరు.

కనుమ ఎక్కేటప్పుడు ఒళ్లంతా చెమట. దిగేటప్పుడు ఆ తడి చొక్కా మీదికి మంచుగాలి. అందుకే మావైపు ఎవరైనా దిగబోయే ముందు పాత పేపరొకటి మడిచి చొక్కా లోపల రొమ్ముకు ఆనించుకుంటారు. సైకిలు పందెగాళ్లూ అంతే, పోస్టుమానూ అంతే. రోజూ నేనే ఒకటి మడిచి బుట్టలో పెట్టేదాన్ని. ఆ రోజు పెట్టలేదు. రాత్రంతా వాన కురిసి కట్టెలు తడిశాయి, పొయ్యి రాజుకోలేదు. ఆయనకు వేడి కాఫీ పోయాలన్న తొందరలో ఇంట్లో ఉన్న ఒక్క పేపరూ ముట్టించేశాను. ముట్టించాక నాలుక కరుచుకున్నాను.

"పోన్లేవే, పైన అమ్మగారి దగ్గర బోలెడుంటాయి. ఒకటి అడిగి తీసుకుంటా" అన్నాడాయన, మూతి తుడుచుకుంటూ.

ఆ అమ్మగారు సత్రం యజమానురాలు ఒర్తెన్సియా. చెడ్డ మనిషి కాదు. కానీ ఏడు గంటలకల్లా బస చేసినవాళ్ల ముందు కాఫీతో పాటు రొట్టె ఉండి తీరాలి. ఆ వేసవిలో ఆయనకు దగ్గు పట్టుకుని మూడుసార్లు ఆలస్యమైంది. ఇంకొక్కసారి అయితే సోమవారం నుంచి వ్యాను మాట్లాడుకుంటానని ఆమె చెప్పేసింది. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని. ఆయనకు అదొక్కటే వచ్చు.

కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి తిప్పి బిగించాడు. ఆయన సైకిలు వెనక చక్రానికి ఎక్కడానికి ఒక పక్క పెద్ద పళ్ల చక్రం, దిగడానికి మరో పక్క చిన్నది ఉండేవి. తర్వాత మొదలుపెట్టాడు. మొదటి మలుపులు దేవదారు చెట్ల నీడలో పోతాయి. తొమ్మిదో మలుపు దగ్గర సెలయేరు రోడ్డు కిందుగా దూకుతుంది. అక్కడ ఆయన ఎప్పుడూ లోపలి అంచు పట్టడు, నిటారుగా ఉంటుందని బయటి అంచునే వెడల్పుగా తిరుగుతాడు. పన్నెండో మలుపులో ఇద్దరు కుర్ర పందెగాళ్లు వెనకనుంచి వచ్చారు. తాతా, రొట్టె చల్లారిపోతోంది, కాస్త తొక్కమన్నారు.

"నాయనా, మీరు మీ ఒక్కరి పొట్ట మోసుకుపోతున్నారు. నేను ముప్ఫై మంది పొట్టలు మోస్తున్నా" అన్నాడు. వాళ్లు నవ్వుకుంటూ పైమలుపులోకి మాయమయ్యారు.

అంతవరకూ వేళకే ఉన్నాడు. ఇరవై రెండో మలుపు దగ్గర రాత్రి వానకు కొండచరియ జారి రోడ్డంతా రాళ్లు. కుర్రాళ్లు తేలిక సైకిళ్లు భుజాన వేసుకుని దాటిపోయినట్టున్నారు. ఆయన బుట్ట విప్పి, రెండు చేతులా పట్టుకుని, రాళ్ల మీద ఒక్కొక్క అడుగూ వేస్తూ అవతల దింపాడు. వెనక్కి వచ్చి సైకిలు మోశాడు. మళ్లీ బుట్ట కట్టాడు. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే రాతిగోడకు ఆనుకుని ఆగాడు. ఆ పైన చెట్లు లేవు, గడ్డీ రాళ్లూ గాలీ తప్ప. మిగిలిన తొమ్మిది మలుపులూ లేచి నిలబడి తొక్కాడట. చొక్కా పిండితే నీళ్లు కారేలా అయింది.

సత్రం చేరేసరికి ఏడూ ఇరవై అయిదు. బస చేసినవాళ్లకు రాత్రి మిగిలిన మొక్కజొన్న సంకటి వేయించి పెట్టేశారు. ఒర్తెన్సియా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన రాళ్ల సంగతి చెప్పబోయాడు. ఆమె ఆయన ముఖం వంక చూడకుండా బుట్ట వంకే చూస్తూ అంది: "సోమవారం నుంచి రావద్దు బోర్తొలో. నీకూ వయసైపోయింది."

"అట్టాగేనమ్మగారూ" అన్నాడు.

రోజూ అయితే వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని, చొక్కా ఆరబెట్టుకుని, ఒక కప్పు పులుసు తాగి దిగేవాడు. ఆ రోజు బుట్ట దించి వెళ్లిపోయాడు. దెల్ఫినా కిటికీలోంచి చూసింది. పెరట్లో చక్రం తిప్పి బిగించాడు. కోటు మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. తలుపు వైపు రెండడుగులు వేశాడు, ఆగాడు. పేపర్ల దొంతర ఆ తలుపు వెనకే, దెల్ఫినా మోకాలి దగ్గరే ఉంది. పిలిచి ఏం కావాలని అడగాలని ఆ పిల్లకు తోచలేదు. ఆయన వెనక్కి తిరిగి సైకిలెక్కి గాలిలోకి దిగిపోయాడు.

సాయంత్రానికి ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. ఇటుక వేడి చేసి పాదాల దగ్గర పెట్టాను, కప్పిన దుప్పటి మీద దుప్పటి కప్పాను. డాక్టరు ఊపిరితిత్తులకు పట్టిందన్నాడు. పదకొండో రోజు పొద్దున, ఆవు పాలు పితికి నేను లోపలికి వచ్చేసరికి, ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని పాలు వడకట్టాను.

ఒర్తెన్సియా వచ్చింది. నా చేయి పట్టుకుని ఏడ్చింది. "ఒక్క మాట అడిగితే పేపర్లు కట్టకు కట్ట ఇచ్చేదాన్ని కదమ్మా" అంది.

"రావద్దన్న గుమ్మంలో ఆయనెట్టా అడుగుతాడమ్మా" అన్నాను.

ఆమెను అనేశాను గాని తల్లీ, పొయ్యిలో పేపరు పెట్టింది నేనే. ఇన్నేళ్లూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాను. మీ తాత పేరు ఏ రాతిమీదా, ఏ పందెం పలకమీదా ఉండదు. నువ్వు గుర్తుంచుకుంటేనే ఉంటుంది. నీకు పిల్లలు పుట్టాక వాళ్లకూ చెప్పు. నమ్మకపోతే మంచం పక్క మేకు చూపించు: ప్యాంటు అంచు గొలుసులో పడకుండా ఆయన చీలమండకు పెట్టుకునే ఇనప క్లిప్పు దానికే వేలాడుతోంది, ఇప్పటికీ ఆయన కాలంత గుండ్రంగా.