మనల్ని మరిచిపోయిన పేటెంటు

పరిశోధన ముందుకు సాగడం లేదని సాయంత్రానికల్లా బల్ల ఖాళీ చెయ్యమన్నాడు డైరెక్టరు. ల్యాబులో అందరూ దూడలమ్మ అని పిలిచే ఆ శాస్త్రవేత్త సీసాలు సర్దుతోంది.

దూడలకొచ్చే జ్వరాన్ని ఒక్క రక్తపు చుక్కతో పసిగట్టే పరీక్ష ఆమెది. దానికి కావలసిన ఎంజైము మీద ఒక విదేశీ కంపెనీకి పేటెంటుంది. అనుమతి అడిగితే జవాబు లేదు. సొంతంగా తయారుచేసి ఫ్రీజరులో పెడితే, డైరెక్టరు ముట్టుకోనివ్వలేదు. "కేసు పడితే నా కుర్చీ పోతుందమ్మా" అనేవాడు. ఏళ్లు గడిచాయి. దూడలు పోయాయి. కుర్చీ పోలేదు.

పెట్టెలు మోయడానికి ఆడపడుచు వచ్చింది. వకీలు. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏంటి వదినా, కాపురం ఎత్తేస్తున్నావా? మా అన్నయ్య వంట తప్పించుకోడానికేగా ఇన్నాళ్లూ ఇక్కడ మకాం!"

"నోరు మూసుకుని ఆ పెట్టె పట్టవే."

"పడతాలే. ఇంతకీ ఆ కంపెనీవాళ్లు మన దేశంలో పేటెంటు ఎప్పుడు తీసుకున్నారు?"

"వాళ్ల దేశంలో తీసుకున్నారుగా."

"అయితే అక్కడే చెల్లుతుంది. ఇక్కడ చెల్లాలంటే ఇక్కడా దరఖాస్తు పెట్టాలి."

దూడలమ్మ చేతిలో సీసా ఆగిపోయింది. ఆడపడుచు పేటెంటు ఆఫీసు సైటు తెరిచి, ఒకటికి రెండుసార్లు వెతికింది.

"లేదొదినా! పెట్టనే లేదు. పెట్టే గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. ఇక్కడ చేసుకో, ఇక్కడ వాడుకో. వాళ్ల దేశంలో మాత్రం అమ్మకు."

దూడలమ్మకు ముందు కడుపు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా పెరిగి, స్టూలు మీంచి జారి నేలమీద చతికిలబడింది. ఆడపడుచు లేపబోయి తనూ కూలబడింది.

ఆ గోలకు డైరెక్టరు పరుగున వచ్చాడు. విషయం విని గుడ్లు తేలేశాడు.

"అంటే... వాళ్లు మనల్ని లెక్కలోకే తీసుకోలేదా?"

"తీసుకోలేదు సార్! మనమే కాపలా కాశాం, వాళ్లు వెయ్యని తాళానికి!" అంది దూడలమ్మ.

అవమానపడాలో ఆనందపడాలో ఆయనకు తేలలేదు. ఉన్నట్టుండి కిసుక్కున నవ్వాడు. ఆయన నవ్వడం ఆ ల్యాబు ఎన్నడూ చూడలేదు.

దూడలమ్మ ఫ్రీజరు తెరిచింది. మొదటి గొట్టం తనే పట్టుకుంటానని డైరెక్టరు పట్టుబట్టాడు. నవ్వుతూ మూత తీయబోయి అందులోని ఎంజైమంతా చొక్కా మీద పోసుకున్నాడు.

"అయ్యో!"

"పోతే పోయింది సార్, ఇంకా బోలెడుంది" అంది దూడలమ్మ, రెండో గొట్టం తీస్తూ. "ఈసారి మాత్రం మీరు ముట్టుకోకండి."