ముందు గొలుసు

ముందు గొలుసు వదులుగా ఉంది. అక్క దాన్ని పట్టుకుని ఊపితే గలగలమంది. వెనక గొలుసును ఊపింది. అది కదల్లేదు.

ఆమె హాలు పైకప్పు కింద, దూలాల మధ్య వేసిన ఇనుప నడవ మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. స్పీకర్లు వేలాడదీసే పని ఆమెది. పనివాళ్ళంతా ఆమెను అక్క అంటారు. వాళ్ళలో ఒకడికి ఆమె సొంత అక్క.

ఆమె కింద పది స్పీకర్ పెట్టెలు ఒకదాని కింద ఒకటి, పిన్నులతో బిగించి, ఇనుప ఫ్రేముకు వేలాడుతున్నాయి. ఫ్రేమును రెండు గొలుసులు మోస్తున్నాయి. ముందుది జనం వైపు, వెనకది వేదిక వైపు. ఒక్కో గొలుసుకు దూలం మీద ఒక్కో మోటారు. ఒక్కో మోటారు మోయగలిగేది అయిదు వందల కిలోలు. వేలాడుతున్నది ఆరు వందల యాభై. రెండూ పంచుకుంటేనే లెక్క సరిపోతుంది.

వెనక మోటారును పైకి లాగితే పెట్టెల వరుస ముందుకు వంగుతుంది, ధ్వని మొదటి వరుసల మీదికి దిగుతుంది. మరీ లాగితే బరువంతా వెనక గొలుసు మీదికి వెళ్ళిపోతుంది. ముందు గొలుసు ఊరికే వేలాడుతుంది.

పొద్దున కోణం కొలిచి, రెండు గొలుసులూ ఊపి చూసి, మోటార్లు నడిపే స్విచ్చుల పెట్టెకు తాళం వేసింది ఆమే. తాళంచెవి స్పీకర్లు ఎత్తినవాళ్ళ దగ్గరే ఉండాలనేది ఆమె పెట్టిన నియమం. భోజనానికి వెళ్తూ దాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది. తమ్ముడు కాబట్టి పెట్టింది.

ఆమె జేబులోంచి ఎర్ర టేపు తీసి, వెనక మోటారులోంచి గొలుసు బయటికి వచ్చే చోట ఉన్న లింకుకు చుట్టింది. చూస్తూ కూర్చుంది. టేపు కిందికి దిగింది. అర లింకు. మోటారు పట్టు జారుతోంది.

కింద తలుపులు తెరిచారు. జనం వస్తున్నారు.

నిచ్చెన దిగి, హాలు వెనక సౌండ్ బల్ల దగ్గరికి పరిగెత్తింది. తమ్ముడు హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని మీటలు సర్దుతున్నాడు. పనివాళ్ళు అతన్ని చెవులు అని పిలుస్తారు. కొలతల కన్నా తన చెవుల్నే నమ్ముతాడని.

"వెనక మోటారు లాగావా?"

"మొదటి వరుసలో మాట గుహలోంచి వచ్చినట్టుందక్కా. కొంచెం వంచాను. ఇప్పుడు అద్దంలా ఉంది, వెళ్ళి విను."

"ముందు గొలుసు ఖాళీగా ఉందిరా. వెనక మోటారు జారుతోంది. తాళంచెవి ఇవ్వు."

అతను మొదటి వరుస వైపు చూశాడు. అక్కడ మధ్య కుర్చీలో కంపెనీ యజమాని కూర్చుని ఉన్నాడు. ఇవాళ తమ్ముడి పని వినడానికే వచ్చాడు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. అంతకుముందు రెండు కంపెనీలు అతన్ని పంపించేశాయి. ఇక్కడ అతని గురించి చెప్పి, చేతులు పట్టుకుని ఒప్పించింది అక్కే.

"గొలుసు జారినా పట్టి ఆపడానికి సేఫ్టీ వైరు ఉందిగా," అన్నాడు.

"నువ్వు వెనకదాన్ని పైకి లాగేసరికి అది జానెడు వదులైంది. అంత బరువు జానెడు పడి ఆగితే వైరు తెగుతుంది."

"రెండు గంటలక్కా. రెండు గంటలు ఆగదా? అయ్యాక నువ్వే దింపుదువుగాని."

"కింద జనం కూర్చుంటున్నార్రా!"

"ఇప్పుడు లేపితే నా బతుకు బస్టాండే. నీకేం, నువ్వు పైనుంటావు, నీ తప్పని ఎవడూ అనడు. నన్ను మాత్రం అందరూ అంటారు." గొంతు తగ్గించాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్క రోజు."

తాళంచెవి అతని చొక్కా జేబులో ఉంది. ఆమె చెయ్యి చాపితే అతను జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

ఆమె ముందుకు పరిగెత్తింది. స్పీకర్ల కింద నాలుగు వరుసలు. సగానికి పైగా నిండాయి.

"లేవండి. అందరూ లేచి పక్కకి రండి. పైన బరువు జారుతోంది."

కొందరు తలెత్తి చూశారు. పెట్టెలు నిశ్చలంగా వేలాడుతున్నాయి. ఒక ముసలాయన టికెట్ చూపించాడు.

"నా నెంబరు ఇదేనమ్మా. సరిగ్గా చూసుకునే కూర్చున్నాను."

"నెంబరు కాదు తాతగారూ, లేవండి."

"లేస్తే మళ్ళీ దొరుకుతుందా?" అంది పక్కావిడ. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

యజమాని మెడ తిప్పాడు. "ఏంటమ్మా ఈ గొడవ? సౌండ్ చూసేది నువ్వు కాదుగా."

"కట్టింది నేనండీ. వెనక మోటారు పట్టు వదులుతోంది. వీళ్ళని లేపించండి, మీకు పుణ్యముంటుంది."

యజమాని లేచి నిలబడి హాలు వెనక్కి చూశాడు. చెయ్యెత్తి, ఏంటి అన్నట్టు ఊపాడు. తమ్ముడు బల్ల దగ్గర నిలబడ్డాడు. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"అంతా బాగానే ఉందంటున్నాడుగా," అన్నాడు యజమాని. కూర్చున్నాడు.

ఆమె పైకి చూసింది. ఫ్రేము వెనక అంచు ఇందాకటి కన్నా కిందికి ఉన్నట్టు అనిపించింది. అది నిజమో భయమో తెలియలేదు.

రెండో వరుసలో, సరిగ్గా పెట్టెల కింద, ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె వెళ్ళి అందులో కూర్చుంది. పైకి చూడలేదు. ఒళ్ళంతా వెనక్కి తిప్పి సౌండ్ బల్ల వైపు చూసింది.

తమ్ముడు ఆమెను చూశాడు. లే అని చేత్తో సైగ చేశాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ సైగ చేశాడు, ఈసారి రెండు చేతులతో. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది.

హాల్లో దీపాలు తగ్గుతున్నాయి. అప్పుడు మైకులో అతని గొంతు వినిపించింది.

"మొదటి నాలుగు వరుసలు ఖాళీ చెయ్యండి. ఇప్పుడే. స్పీకర్లు ప్రమాదంగా ఉన్నాయి. అక్కా, లే. లేవవే!"

మైకులో చెప్పేసరికి అందరూ లేచారు. ముసలాయన అందరికన్నా ముందు లేచాడు.

ఆమె పైకెక్కింది. తమ్ముడు మోటార్ల పెట్టె తాళం తీశాడు. వెనకదాన్ని ముట్టుకోవద్దని పైనుంచి అరిచింది. "ముందుది పైకి. కొంచెం. ఇంకొంచెం. ఆపు." ముందు గొలుసు బిగిసింది. ఊపింది. కదల్లేదు. ఆ తర్వాతే రెండు మోటార్లనూ కలిపి దింపమంది. ఆగి ఆగి, పెట్టెలు ఒక్కొక్కటిగా నేలకు చేరాయి.

యజమాని తమ్ముడి పక్కకు వచ్చాడు. "మరి ఇందాక వేలెందుకు ఎత్తావు?"

తమ్ముడు హెడ్‌ఫోన్లు మెడలోంచి తీశాడు.

"రేపట్నుంచి రావద్దు," అని యజమాని వెళ్ళిపోయాడు. వేదికకు అవతలి వైపు వేలాడుతున్న రెండో వరుస స్పీకర్లతోనే కార్యక్రమం మొదలుపెట్టారు. జనాన్ని అటు సర్దారు.

అక్కా తమ్ముడూ తెర పక్క చీకట్లో కూర్చుని పిన్నులు తీస్తున్నారు.

"నువ్వు అక్కడ కూర్చోకపోతే తాళం తీసేవాణ్ణి కాదక్కా," అన్నాడు తమ్ముడు. "నువ్వు కనపడేసరికి నా గుండె ఆగిపోయింది."

ఆమె చేతిలో పిన్ను అలాగే ఉండిపోయింది.

"నాకన్నా ముందే అక్కడ జనం కూర్చున్నారు కదరా," అంది.

అతను తల వంచుకుని తర్వాతి పిన్ను లాగాడు. అది రాలేదు. మళ్ళీ లాగాడు.