అతి స్పష్టంగా

జగన్నాథరావు గారు రోడ్డు మీద నడుస్తుంటే దుకాణాల బోర్డులు కూడా ఒత్తులు సర్దుకుంటాయని ఊళ్లో చెప్పుకునేవారు. పెద్దాపురం నుంచి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఆ ఊరి హైస్కూల్లో ఆయన ఇరవయ్యారేళ్లుగా తెలుగు పండితులు. 'చల్లని పాణీయములు' అని రాయించుకున్న సోడాకొట్టు వాణ్ణి నడిబజార్లో నిలబెట్టి, ణ చెరిపించి న పెట్టించాక గానీ కదల్లేదు. ఊళ్లో ఏ శుభలేఖైనా ఆయన కళ్లబడకుండా అచ్చుకి వెళ్లేది కాదు. అంతటి మనిషి, ఒక్క సున్నా తప్పితే ఓర్చుకోలేని మనిషి, ఒక్క సంతకంతో ముప్పై రెండు తప్పులు చేశారంటే నమ్ముతారా? చేశారండీ. తీరిగ్గా కూర్చుని, ముత్యాల్లాంటి దస్తూరీతో మరీ చేశారు.

అది రెండు వేల అయిదో సంవత్సరం. ఇక కాగితాల పనే ఉండదు, అన్నీ కంప్యూటర్లోనే అని ఊదరగొడుతున్న రోజులు. ఆ ప్రాంతానికి 'ఊరివాకిలి' అని ఒక సర్కారు వెబ్‌సైటు పెట్టారు. ఇళ్ల స్థలాల జాబితాలు, పింఛన్లు, రేషన్ కార్డులు, అన్నీ అందులో, అదీ తెలుగులో. దాని మంచిచెడ్డలు చూసి మార్కులు వెయ్యడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ఒక ఇంజనీరు, ఒక అధికారి, భాష చూడ్డానికి జగన్నాథరావు గారు. ఇంజనీరుకి బదిలీ అయిపోయింది. అధికారికి తీరిక లేదు. ముప్పై రెండు ప్రశ్నల ఫారం మొత్తం వచ్చి మాస్టారి ఒళ్లో పడింది.

'బాబూ, నాకు కంప్యూటరు రాదు.' ఈ నాలుగు మాటలు అంటే సరిపోయేది. అనడానికి నోరు రావాలిగా! స్కూలుకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఒకసారి ఆయన తొమ్మిదో తరగతి పిల్లల ముందు తెర కింది బటన్ నొక్కి, పెట్టె ఆన్ చెయ్యకుండానే, నల్లటి తెర ముందు పది నిమిషాలు కూర్చుని "కొంచెం నిదానంగా వస్తుంది" అన్నారు. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్విన నవ్వు ఆయన చెవుల్లో ఇంకా ఉంది. అందుకని సర్కారు కచేరీ వాళ్లతో గంభీరంగా చెప్పారు, "తెర మీద చదివితే కళ్లకి శ్రమండి. కాగితాల మీద తీసి పంపండి" అని.

పంపారు. నూటపాతిక కాగితాలు. ఎంత అందమైన తెలుగనుకున్నారు! మాస్టారు ఎర్రకలం తీసి వారం రోజులు దిద్దారు. నలభై ఒక్క అక్షరదోషాలు పట్టారు. తర్వాత ఫారం ముందేసుకున్నారు. పేజీ త్వరగా తెరుచుకుంటున్నదా? అవును. వెతికినది సులువుగా దొరుకుతున్నదా? అవును. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు, అడిగినదానికల్లా అవును. పదిహేడో ప్రశ్న ఇది: 'ఏ కంప్యూటరులో తెరిచినా తెలుగు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయా?' వట్టి అవును అంటే చప్పగా ఉంటుందనిపించి, 'అతి స్పష్టంగా' అని రాశారు.

ఊరివాకిలికి మంచి మార్కులొచ్చాయి. మాస్టారికి సభలో శాలువా కప్పారు. ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంకా పంచాయతీ గోడకి కాగితాలు అంటించడం దండగని ఆ పని ఆపేశారు. అది విని మాస్టారు కూడా, ఔను, కాలంతో పాటు నడవాలి అన్నారు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున్న ఆయన స్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి సుబ్బాయమ్మ నిలబడి ఉంది. కాలవగట్టు మీద గుడిసెలో ఒంటరిగా ఉంటుంది, ఊడ్పులకీ కోతలకీ వెళ్తుంది. పదేళ్ల కిందట వయోజన విద్య బడిలో మాస్టారి దగ్గరే అక్షరాలు దిద్దింది. అప్పటికే ఆవిడకి నలభై దాటాయి. గుణింతాలన్నీ వచ్చిన రోజున బస్సు మీది ఊరిపేరు చదివి, కండక్టరు వినేలా గట్టిగా అరిచిన మనిషి.

"మాస్టారండీ, ఒక్క మాటండి" అంటూ కొంగుముడి విప్పి, మడతపెట్టిన కాగితం తీసింది. "కాలవ బాగుచేత్తారంట కదండి, మా గుడిసెలన్నీ లేపేత్తారంట. అందరికీ స్థలాలు ఇత్తన్నారు. పక్కింటి వీరమ్మకి నంబరు కూడా వచ్చేసిందండి. నా పేరు కొట్టేశారని నంబర్లు పంచిన గుమాస్తా చెప్పాడండి. ఎందుకు కొట్టేశారో ఇందులో ఉందంటండి. కాస్త చదివిపెట్టండి."

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. కాగితం మీద కొక్కేలున్నాయి, ప్రశ్నార్థకాలున్నాయి, తోకలు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. తెలుగు ముక్క ఒక్కటి లేదు. తిప్పి చూశారు, తలకిందులుగా చూశారు. అడుగున మాత్రం ఇంగ్లీషులో ఒక వరుస శుభ్రంగా చదవడానికి వచ్చింది. ఊరివాకిలి తెలుగును పరిశీలించి ధ్రువీకరించినవారు శ్రీ జగన్నాథరావు, ఎమ్మే. కాగితం మొత్తం మీద చదవడానికి వీలైంది ఆయన పేరొక్కటే.

"ఇది... నీకెక్కడిది?"

"బస్టాండు దగ్గర చినబాబు ఇంటర్‌నెట్ కొట్టులోదండి. ఇది నా వల్ల కాదు పిన్నీ, కింద మాస్టారి పేరుంది, ఆయనకి తెలుస్తుంది, వెళ్లి అడుగు అన్నాడండి."

"ఎప్పుడిచ్చాడు?"

"ఇప్పుడేనండి. కానీ అంతకుముందు రెండుసార్లు వెళ్లానండి." సుబ్బాయమ్మ తల వంచుకుంది. గొంతు తగ్గించింది. "బుధవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. చూసుకో పిన్నీ అని తెర ముందు కూర్చోబెట్టి, ఆ అబ్బాయి ఎస్టీడీ ఫోను బేరాలు చూసుకుంటన్నాడండి. నేను చూశానండి. ఒక్క అక్షరం తెలిస్తే ఒట్టండి! మీరు నేర్పిందంతా మర్చిపోయానండి మాస్టారూ. చుట్టూ అందరూ టకటకా కొట్టేత్తన్నారు. రావట్లేదంటే నవ్వుతారని, ఆఁ, చదివేశాను నాయనా అని లేచొచ్చేశానండి."

"ఇంటికెళ్లి ఇంకేదైనా చదివి చూడకపోయావా?"

"భయమేసిందండి. నిజంగానే పోయిందేమోనని. గోడ మీద కాలెండరు వంక కూడా చూళ్లేదు. అర్జీ పెట్టుకునే గడువు శనివారంతో అయిపోయిందంటండి. ఇవాళ ఇక సిగ్గు చంపుకుని చినబాబుకి చెప్పాను, చదవడం రావట్లేదు నాయనా అని. అప్పుడు వాడు వచ్చి చూశాడండి."

నవ్వుతారని. ఆ మాట మాస్టారి గుండెల్లో గునపంలా దిగింది. ఆవిడ సిగ్గు రెండుసార్లకే తీరింది, మూడోసారి నోరు విప్పింది. మరి తనది? నాలుగు నెలలుగా శాలువా కప్పుకుని తిరుగుతోంది!

"నువ్వు మర్చిపోలేదు సుబ్బాయమ్మా" అనబోయారు. అంటే ఆ వెనకాల మిగతాది కూడా చెప్పాలి. "పద" అన్నారు. సెలవు చీటీ కూడా రాయకుండా బయల్దేరారు.

చినబాబు ముప్పై ఏళ్లవాడు, ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. లేచి కుర్చీ వేశాడు. "అదేనండీ, ఆ తెలుగు అక్షరాలు వాళ్ల ఆఫీసు కంప్యూటర్లలో విడిగా వేసుకున్నారు. అక్కడ బాగానే వస్తుంది, కాగితం తీసినా బాగానే వస్తుంది. ఆ అక్షరాలు లేనిచోట ఇదిగో, ఇలా పిచ్చిగీతలే. బయట ఎక్కడైనా ఒక్కసారి తెరిచి చూస్తే తెలిసిపోయేదండి." ఆగి, అమాయకంగా అడిగాడు. "మీరు చూశారు కదండీ మాస్టారూ? అప్పుడు బాగానే ఉందాండి?"

"ఆఁ... అప్పుడు..." అన్నారు మాస్టారు. తేలు కుట్టిన దొంగ కూడా అంతకన్నా కాస్త నయంగా మాట్లాడేవాడు.

అక్కణ్ణుంచి మండలాఫీసుకి వెళ్లారు. ఎమ్మార్వో సత్యకుమారి గారు చిన్నవయసు మనిషి, మర్యాద తెలిసిన మనిషి. మాస్టార్ని కూర్చోమని, తన కంప్యూటర్లో జాబితా తెరిచారు. అందులో తెలుగు తళతళలాడుతోంది. 'సుబ్బాయమ్మ, రెండుసార్లు నమోదైనందున తొలగించడమైనది.'

"గట్టు మీద ఇద్దరు సుబ్బాయమ్మలం ఉన్నామండి!" అంది సుబ్బాయమ్మ. "ఆవిడ వేరు, నేను వేరు. ఆవిడది ఆ చివర గుడిసె."

"గడువులోపల ఒక్క అర్జీ ఇస్తే సరిపోయేది కదమ్మా. స్థలాల పంపకం ఎల్లుండి. ఇప్పుడు నేనేం చెయ్యను?" అన్నారు సత్యకుమారి గారు. "వెబ్‌సైటు చదవడానికి రాలేదంటే పైవాళ్లు ఒప్పుకోరు. ఎక్కడైనా అతి స్పష్టంగా ఉందని మాస్టారు రాసిన సర్టిఫికెట్ ఫైల్లో ఉంది."

"మాస్టారు రాశారంటే తప్పుండదండి" అంది సుబ్బాయమ్మ వెంటనే. "తప్పు నా కళ్లదే."

మాస్టారికి కుర్చీతో సహా భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"మొత్తం ఎందరి పేర్లు తీసేశారండి?" అని అడిగారు మెల్లగా.

"నలభై మూడు."

"అర్జీలు ఎన్నొచ్చాయి?"

"ఒక్కటీ రాలేదు. ఎవరికీ అభ్యంతరం లేదనుకున్నామండి."

మాస్టారు ఒక తెల్లకాగితం అడిగి పుచ్చుకున్నారు. కలం తీశారు. దస్తూరీ ఎక్కడా చెడలేదు. 'ఊరివాకిలి పరిశీలనయందు నా అనవధానతవలన ఒకటి రెండు లోపములు దొర్లియుండవచ్చును. కావున గడువు పొడిగింప ప్రార్థన.' చదువుకుంటే నిండుగా ఉంది, హుందాగా ఉంది, మనిషిని ఎక్కడా పట్టివ్వడం లేదు. చూశారా, అప్పుడు కూడా! నలభై మూడు ఇళ్లు కూలిపోతుంటే ఈయనగారు సమాసాలు కడుతున్నారు.

సత్యకుమారి గారు చదివి, "కింద అర్జీదారు సంతకం కూడా కావాలి" అని సుబ్బాయమ్మకి అందించారు. సుబ్బాయమ్మ బెరుగ్గా కాగితం వంక చూసింది. కాసేపు అలాగే చూసింది. పెదవులు కదిలాయి.

"ఊ... రి... వా... కి... లి" అంది. ఉలిక్కిపడి మాస్టారి వైపు తిరిగింది. "ఇది వత్తందండి!" మళ్లీ కాగితంలోకి వంగి, వేలు పెట్టుకుని ముందుకి వెళ్లింది. ఒకచోట ఆగిపోయింది. "అ... న... వ... ధా... న... త. అక్షరాలు తెలుత్తున్నాయి గానీ మాట తెలియట్లేదండి. అంటే ఏంటండీ మాస్టారూ?"

బల్లల దగ్గర గుమాస్తాలు తలలెత్తారు. ఎమ్మార్వో గారు కలం ఆపి చూస్తున్నారు.

"అంటే... పొరపాటున అని" అన్నారు మాస్టారు.

"అంటే మీరు కంప్యూటర్లో చూశారు, చూడ్డంలో పొరపాటొచ్చిందాండి?"

ఆవిడ ఎత్తిపొడవడం లేదు. పాఠంలో తెలియని మాటకి అర్థం అడిగినట్టే అడిగింది. అడగమని ఆవిడకి నేర్పింది ఆయనే. మాస్టారి చెవులు ఎర్రగా కాలిపోయాయి.

"కాదు సుబ్బాయమ్మా. నేను చూళ్లేదు. నాకు కంప్యూటరు రాదు. రాదంటే నవ్వుతారని, చూశానని అబద్ధం రాశాను."

ఎవరూ నవ్వలేదు. సుబ్బాయమ్మ అర్థం కానట్టు ఆయన మొహంలోకి చూసి, అర్థం కాగానే ఆయన కోసం కళ్లు దించుకుంది. అది మరీ భరించలేకపోయారు. పాత కాగితం తీసుకుని చింపేసి, ఇంకో కాగితం మీద గబగబా రాసి ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడ నిలబడి పైకే చదివింది. ఎక్కడా తడబడలేదు. "నేను ఊరివాకిలిని కంప్యూటర్లో చూడలేదు. చూశానని అబద్ధం రాశాను. బయట అది ఎవరికీ చదవడానికి రాదు. తప్పు నాది. జగన్నాథరావు." సంతకం దాకా చదివేసి, పట్టలేని సంతోషంతో అరిచింది. "అన్నీ వచ్చేసినాయండి మాస్టారూ! ఏదీ మర్చిపోలేదండి నేను!"

"లేదు" అన్నారు మాస్టారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సత్యకుమారి గారు ఆ కాగితం అందుకున్నారు. "దీంతో పంపకం ఆపించి వారం గడువు అడుగుతాను. ఇది చూశాక కాదనలేరు. కానీ మిగతా నలభై ఇద్దరికీ ఈ సంగతి తెలియాలి కదా."

"నకలొకటి ఇప్పించండమ్మా" అంది సుబ్బాయమ్మ సంబరంగా. "మాలో చదువు రానోళ్లే ఎక్కువండి. గుడిసె గుడిసెకీ వెళ్లి నేనే చదివి వినిపిత్తాను."

అని, అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి ఆ కాగితంలో ఉన్నదేంటో. నాలిక కరుచుకుని మాస్టారి వైపు చూసింది. ఎమ్మార్వో గారూ చూశారు.

మాస్టారు కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"వినిపించు" అన్నారు. "నా పేరుతో సహా చదువు."